ఒక్క నిమిషం పని

"ఒక్క నిమిషం పని కదయ్యా ఇది, ఏమిటింత సేపు?" అని లిఫ్టు మోటారు గది గోడకున్న ఫోనులోంచి వినిపించగానే నా చేతిలో టార్చి చేతిలోనే ఉండిపోయింది. అప్పటిదాకా లోపల ఉన్నది ఎవరో నేను పట్టించుకోలేదు. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్లందరికీ ఒకటే గొంతు ఉంటుంది, భయం గొంతు, ముప్పై ఏళ్లుగా వింటున్నాను. కానీ ఈ మాట అందరిదీ కాదు. పని చేసేవాడి చేతకానితనం మీద జాలిపడుతున్నట్టు, తనకు అవతల వంద పనులున్నట్టు ఈ మాట అనగలిగిన మనిషి లోకంలో ఒక్కడే, మేమంతా చాటుగా తొందర సారు అని పిలుచుకున్న మా పాత కంపెనీ సూపర్‌వైజరు. ఆ గొంతు విని పదకొండేళ్లయింది. బజారులో ఆయన వెనక తల కనిపించిందనుకుని రెండుసార్లు ఎవరెవరి వెనకో నడిచాను, ముందుకెళ్లి చూస్తే వేరేవాళ్లు, సారీ అండీ అని తిరిగొచ్చాను. వెతికినన్నాళ్లు దొరకలేదు. ఈరోజు మిట్టమధ్యాహ్నం, నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య, నేను నూనె రాసిన తాళ్లకే వేలాడుతూ దొరికాడు. ప్రభువా, నీ పద్ధతే పద్ధతి! "వస్తున్నామండీ, కంగారు పడకండి" అన్నాను. ఆయన నా గొంతు గుర్తుపట్టలేదు. ఎలా గుర్తుపడతాడు, ఆయన ముందు నేను మాట్లాడింది తక్కువ, అలాగే సార్ అన్నది ఎక్కువ.

డాబా మీద మోటారు గది రేకుల కప్పు కింద ఉడికిపోతోంది. మెయిన్ స్విచ్ ఆపాను, దానికి తాళం వేశాను, నా పేరున్న ఎర్ర అట్ట తగిలించాను. లోపల మనిషి ఉన్నాడు, స్విచ్ వేయవద్దు అని రాసి ఉంటుంది దాని మీద. మా పనిలో అది దేవుడి ఆజ్ఞ లాంటిది, అట్ట ఎవరు తగిలిస్తే వాళ్లే తీయాలి, యజమాని వచ్చి గద్దించినా, బిల్డింగు తగలబడుతున్నా ఇంకొకరు ముట్టకూడదు. కంట్రోలు బోర్డు మాడిపోయింది, కొత్తది రేపు గాని రాదు, కాబట్టి లిఫ్టు పెట్టెను చేత్తోనే కదపాలి. ఒకరు బ్రేకు పిడి లాగి పట్టుకోవాలి, ఇంకొకరు పెద్ద చక్రం తిప్పాలి. ఒక్కడే చేయకూడదు, చేసినవాళ్లలో ఇద్దరు ఎలా పోయారో నాకు తెలుసు. అందుకే బావమరిదికి ఫోను చేశాను, మా ఆవిడ తమ్ముడు, నాతోనే పని చేస్తాడు. "దారిలోనే ఉన్నా బావా, ముందెక్కడో లారీ అడ్డం తిరిగిందంట, అరగంట పట్టేలా ఉంది" అన్నాడు. అరగంట. పోయేదేముంది, నిదానంగా రారా అన్నాను. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు, పదకొండేళ్లు ఎలుకగా బతికాను, ఒక్క అరగంట పిల్లిగా ఉంటే ఎవరి సొమ్ము పోయింది? స్విచ్‌ల పలక మీద రెండు చిన్న మీటలున్నాయి, ఒకటి పెట్టెలో దీపానికి, ఒకటి ఫ్యానుకి. మెయిన్ ఆపినా అవి పనిచేస్తాయి, ఇరుక్కున్నవాళ్లకు గాలి ఆడాలని వేరుగా పెడతారు. ఫ్యాను మీట కిందికి నొక్కాను. ఫోనులో ఆ చిన్న రెక్కల చప్పుడు నెమ్మదించి ఆగిపోవడం విన్నాను. "అయ్యా, ఫ్యాను ఆగిందే" అన్నాడాయన. "ఫ్యానుకి కరెంటు పోయిందండీ" అన్నాను. చూశారా, అబద్ధం ఎంత సులువుగా వస్తుందో, ఆయనకూ ఆరోజు ఇంతే సులువుగా వచ్చి ఉంటుంది.

ఆరోజు కూడా మధ్యాహ్నమే. వేరే బిల్డింగు, కొత్తది, సాయంత్రం ప్రారంభమట, యజమాని చొక్కా తడిసిపోయేలా అటూ ఇటూ పరిగెడుతున్నాడు. బావమరిది అడుగున గుంతలో ఉన్నాడు, తాడు పట్టే చిన్న చక్రానికి గ్రీజు పెడుతున్నాడు, అప్పటికి వాడికి ఇరవై ఆరేళ్లు, నిశ్చితార్థమై నెల కాలేదు. నేను పైన స్విచ్ ఆపాను, అప్పట్లో దానికి తాళాలు ఇచ్చేవాళ్లు కాదు, అట్ట ఒక్కటే. అట్ట తగిలించాను. తగిలించాను అనే అంటున్నాను, ఈ పదకొండేళ్లలో ఆ ఒక్క క్షణాన్ని ఎన్నిసార్లు తీసి చూసుకున్నానో, చూసి చూసి అరిగిపోయింది. కొక్కెం కనిపిస్తుంది, నా చెయ్యి కనిపిస్తుంది, అట్ట కనిపిస్తుంది, కానీ అది ఆరోజుదా, ముందురోజుదా, అంతకుముందు వేల రోజులదా అని ఎవరైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు. రోజూ చేసే పనితో వచ్చే తిప్పలు ఇవే, ఏ రోజుకి ఆ రోజు గుర్తుండదు. ఆ తర్వాత ఆరో అంతస్తులో తలుపు గడియ చూద్దామని దిగాను. గడియ చేత్తో పట్టుకుని ఉండగానే నా ముందున్న తాళ్లు కదిలాయి. కదలకూడని తాళ్లు కదిలాయి. కింద నుంచి వాడి కేక వచ్చింది, ఒక్కటే కేక, రెండోది రాలేదు. నేను మెట్లు దిగానో దొర్లానో తెలియదు. వాడి ఎడమచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది.

విచారణ అన్నారు. ఆఫీసు గదిలో పొడుగు బల్ల, నీళ్ల గ్లాసుల మీద మూతలు, చివరి కుర్చీలో నేను. తొందర సారు ఎంతో బాధపడుతూ మాట్లాడాడు, "మంచి పనివాడే సార్, కాకపోతే కాస్త మతిమరుపు. నేను పైకి వెళ్లేసరికి కొక్కెం ఖాళీగా ఉంది, పని అయిపోయిందనుకుని స్విచ్ వేశాను" అన్నాడు. అట్ట ఏదని వెతికితే నా పనిముట్ల సంచిలో దొరికింది. నా సంచిలో! అందరూ నావైపు చూశారు. ఇక నేనేం చెప్పినా తేలు కుట్టిన దొంగ మాటలే అయ్యాయి. ఉద్యోగం పోయింది, అది పోనీ. ఇంటికొచ్చి మా ఆవిడతో నేను తగిలించానే, ఒట్టు, తగిలించాను అంటే, ఆస్పత్రి నుంచి తమ్ముడి బట్టలు తెచ్చి నానబెడుతూ తలెత్తకుండా, "తగిలించే ఉంటారనే అనుకుంటున్నానండీ. కానీ మీరేగా పోయిన్నెల నన్ను బస్టాండులో మరిచిపోయి ఇంటికొచ్చేశారు" అంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె తిట్టి ఉంటే బాగుండేది, తిట్టలేదు, బకెట్టులో నీళ్లు ఎర్రగా అవుతుంటే మార్చి మార్చి పోసింది. ఆ నీళ్లు పోసే చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది సార్, మీకు తెలుసా, మీరు ఫ్యాను లేక నాలుగు నిమిషాలకే ఉస్సురంటున్నారు.

దానికి తోడు గోరుచుట్టు మీద రోకటిపోటు, బావమరిది నన్ను క్షమించాడు. ఆస్పత్రి మంచం మీద, చేతికి గుడ్డ మూటంత కట్టుతో, నా తల తన గుండెకు హత్తుకుని, "నువ్వు కావాలని చేశావా బావా, మరిచిపోయావు, మనిషన్నాక మరుపు ఉండదా, నేను క్షమించాను, ఆ దేవుడి సాక్షిగా క్షమించాను" అన్నాడు. ఏమని చెప్పను? నాకు నీ క్షమాపణ వద్దురా, నేను మరిచిపోలేదురా అని ఆ కట్టు ముందు వాదించగలనా? నోరు మూసుకున్నాను. ఆ మూసుకున్న నోరు పదకొండేళ్లు తెరవలేదు. తప్పు చేసి తిట్లు తిన్నవాళ్లను చూశాను, తప్పు చేయకుండా తిట్లు తిన్నవాళ్లనూ చూశాను, చేయని తప్పుకి క్షమాపణ తిని బతికినవాణ్ని నన్ను తప్ప ఎవరినీ చూడలేదు. తిట్టినవాడిమీద కోపమైనా తెచ్చుకోవచ్చు, క్షమించినవాడిని ఏం చేస్తాం? మా ప్రార్థన హాల్లో ఏడాదికోసారి అందరూ లేచి దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే రోజు ఒకటుంది. ప్రతి ఏడాదీ వాడు లేస్తాడు, ఎడమచెయ్యి పైకెత్తుతాడు, ఆ ఒక్క బొటనవేలు అందరికీ కనిపించేలా ఎత్తి, "ఈ చెయ్యి పోయింది, కానీ మా బావను క్షమించే మనసు ఇచ్చాడు, ఆయన నమ్మదగినవాడు" అంటాడు. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటారు. సంఘం పెద్దాయన తలూపుతాడు. నూటయాభై మంది తిరిగి రెండో వరసలో ఉన్న నావైపు ప్రేమగా చూస్తారు, ఎంత ప్రేమగానో, నేను కుక్కిన పేనులా నేల చూస్తూ కూర్చుంటాను. ఒరే, నీ సాక్ష్యం తగలెయ్య, అనుకుంటాను. అనుకున్నందుకు మళ్లీ నేనే మోకరించి దేవుడికి చెప్పుకుంటాను. ఇదంతా ఎవరి వల్ల? ఇప్పుడు పెట్టెలో చొక్కా గుండీలు విప్పుకుంటున్న ఈ మనిషి వల్ల.

దేవుణ్ని మాత్రం ఒక్క మాట అనను, అననిచ్చేదీ లేదు. ఎనిమిది నెలలు పని లేదు. ఎక్కడికెళ్లినా నాకంటే ముందే నా కథ వెళ్లి కూర్చుని ఉండేది. ఒక ఉదయం డబ్బాలన్నీ తట్టి చూసి మా ఆవిడ పొయ్యి వెలిగించకుండానే కూర్చుంది, పది నిమిషాలు కాలేదు, ఎదురింటావిడ గిన్నె మీద గిన్నె పెట్టుకుని వచ్చింది, చుట్టాలు వస్తామని రాలేదమ్మా, పారబోయడానికి చేతులు రావడం లేదు, ఏమీ అనుకోకు అని. ఇంకోసారి ఎవరో ముసలాయన తలుపు తట్టి నా చక్రాల కుర్చీ బాగుచేస్తావా అన్నాడు, అది అయ్యేసరికి ఆయన చెల్లెలి కుట్టుమిషను, ఆ తర్వాత ఆమె ఇంటాయన నీళ్ల మోటారు, ఒకటి ముగిసేలోపు ఇంకొకటి, రెండు ఎప్పుడూ కలిసి రాలేదు, మధ్యలో ఒక్క వారం కూడా తప్పలేదు. మా చిన్నదానికి తొమ్మిది రోజులు జ్వరం కాసి, పదో రోజు తెల్లవారుతుండగా నా చొక్కా లాగి ఆకలేస్తోంది నాన్నా అంది. దేవుడూ లిఫ్టు మెకానిక్కూ ఒకటే, ఎప్పుడొస్తారో చెప్పరు, వచ్చేదాకా మన ప్రాణం గొంతులో ఉంటుంది, కానీ వస్తారు. ఆ తెల్లవారే అన్నాను నేను, వంటింటి గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చుని, ప్రభువా, నీకు నేను ఏ పనికొస్తానో నాకు తెలియదు, ఏ పని చెప్పినా చేస్తాను, ఎంత చిన్నదైనా చేస్తాను అని. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఆ వారమే పెద్దాయన హాల్లో కుర్చీలు వేసే పని నాకప్పగించాడు. పదేళ్లకు పైగా వేస్తున్నాను, నూటయాభై కుర్చీలు, ముందే వెళ్లి వేసి చివర ఉండి తీస్తాను. సేవంటే అదే కాబోలనుకున్నాను. కుర్చీలు వేయమంటే ఇంకో వెయ్యి వేస్తాను ప్రభువా. ఈ మనిషిని నా దగ్గరికి తెచ్చి ఏదో అడగబోతున్నావని నాకు అర్థమవుతూనే ఉంది, అది మాత్రం అడగకు.

"అయ్యా, ఉన్నావా? గాలి ఆడడం లేదు. ఆరో అంతస్తులో మోకాళ్ల డాక్టరు కోసం వచ్చానయ్యా, ఎక్కువసేపు నిలబడలేను" అన్నాడు ఫోనులో. "కూర్చోండి" అన్నాను. "కూర్చుంటే లేవలేను" అన్నాడు.  ఫోను మేకుకి తగిలించలేదు, గూట్లో పక్కకు పెట్టాను, ఎత్తి ఉన్నంతసేపూ పెట్టెలో చీమ కదిలినా ఇక్కడ వినిపిస్తుంది. ఎవరూ లేరనుకున్నాడు. కాసేపు ఊపిరి వినిపించింది, గోడను అరచేత్తో తట్టిన చప్పుడు వినిపించింది, తర్వాత సన్నగా గొణుగుడు మొదలైంది. ముందు తన సెల్ ఫోనులో ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకున్నాను. కాదు. ప్రార్థన చేస్తున్నాడు. తొందర సారు ప్రార్థన చేస్తున్నాడు! నాకు నవ్వొచ్చింది, నిజంగా పైకే నవ్వాను, చెవి దగ్గరగా పెట్టాను.

"దేవా, ఎన్నిసార్లు కాపాడావు నన్ను, మరిచిపోతానా? చిన్నప్పుడు కాలవలో కొట్టుకుపోతుంటే లాగి ఒడ్డున వేశావు. మా పెద్దదాని ఆపరేషనప్పుడు దగ్గరున్నావు. ఆ పనివాడి చెయ్యి నలిగినప్పుడు... దేవా, అట్ట తీసింది నేనేనని ఎవరికీ తెలియనివ్వలేదు. తీసి ఆ మెకానిక్కు సంచిలో పడేస్తుంటే ఒక్క కన్ను కూడా నా మీద పడనివ్వలేదు. నా పిల్లలు వీధిన పడకుండా చూశావు. అంత చేసినవాడివి ఇప్పుడు వదిలేస్తావా? ఈ ఒక్కసారి బయటపడెయ్యి, నువ్వేం చెయ్యమంటే అది చేస్తాను తండ్రీ..."

తగిలించాను. నేను తగిలించాను. ముందు నాకు వచ్చింది ఆ ఒక్క మాటే, మోటారు మీద చెయ్యి వేసుకుని ఆ మాట ఎన్నిసార్లు అన్నానో తెలియదు, కళ్లలోంచి నీళ్లు కారి గ్రీజు చేతుల మీద పడుతున్నాయి. నాకే అనుమానం వచ్చిన రోజులు ఎన్ని! స్నానం చేస్తూ చేస్తూ ఆగిపోయి, నిజంగా మరిచిపోయానేమో, నా చేతులతో నేనే వాడి చెయ్యి తీశానేమో అనుకున్న రోజులు ఎన్ని! ప్రభువా, ఒక్కసారి నాకు తెలియజెయ్యి, ఎవరికీ చెప్పకపోయినా నాకు చెప్పు అని అడిగింది ప్రభువు మరిచిపోలేదు. అంతవరకూ బాగానే ఉంది. ఆ వెనకే మంట మొదలైంది. అరికాలి మంట నెత్తికెక్కింది అంటారే, అలా. ఎవరితో చెప్పుకుంటున్నాడు వీడు? నా దేవుడితోనా? నేను ఖాళీ డబ్బాల పక్కన కూర్చుని పిలిచిన దేవుణ్ని పిలిచి, నా సంచిలో అట్ట పడేసినందుకు కృతజ్ఞతలా? ఆయన నమ్మదగినవాడని మా బావమరిది బొటనవేలు ఎత్తి చెప్తాడు, నేను గిన్నెలు తెచ్చిన ఎదురింటావిడను తలచుకుని చెప్తాను, వీడు నన్ను ముంచినందుకు చెప్తున్నాడు. ముగ్గురికీ ఒక్కడేనా? నాకు చక్రాల కుర్చీ పంపిన చెయ్యే వీడి ఉద్యోగం నిలబెట్టిందా? చెప్పు ప్రభువా, ఇప్పుడు చెప్పాలి నువ్వు.  రేకులు టపటపమన్నాయి, అంతే. నేను తలుపు తెరిచే తాళపుచెవి తీసుకుని మెట్లు దిగాను.

నాలుగో అంతస్తులో లిఫ్టు ముందు ఎవరూ లేరు, పని చేయదు అని వాచ్‌మన్ రాసి అంటించిన కాగితం ఒక్కటే. తాళపుచెవి తిప్పి తలుపు జానెడు జరిపాను. పెట్టె అడుగు నా ఛాతీ ఎత్తున ఉంది, దాని మీద ఆయన బూట్లు, వాచిన చీలమండలు, ఒక బూటు దారం ఊడి వేలాడుతోంది. పెట్టె అడుగుకీ నేను నిలబడ్డ గడపకీ మధ్య నాలుగడుగుల ఖాళీ, ఆ ఖాళీ వెనక ఏమీ లేదు, అడుగున గుంత వరకూ చీకటే. మా పనిలో మొదటి రోజు నేర్పేది ఇదే, పెట్టె గడప కంటే పైన ఆగినప్పుడు లోపలి మనిషిని దూకనివ్వకూడదు, దూకినవాడు ముందుకు పడడు, కాళ్లు జారి వెనక్కి, పెట్టె కిందకి పోతాడు. అందరికీ చూడ్డానికి సులువుగా కనిపిస్తుంది. ఆయనకూ కనిపించింది. పని చేయించినవాడే గాని ఎన్నడూ చేసినవాడు కాదు. వెలుతురు చూడగానే కిందికి తొంగి చూసి, నా తల పైభాగం తప్ప ఏమీ కనిపించకపోయినా సంబరంగా, "వచ్చావా? ఆ తలుపు మొత్తం జరుపు, నేనే దూకేస్తాను, ఎంతో ఎత్తు లేదు" అన్నాడు.

అడిగింది ఆయనే. నేను చేయవలసిందల్లా తలుపు జరిపి పక్కకు తప్పుకోవడం. అలాగే సార్ అంటే చాలు, రెండే మాటలు, ఆయన దగ్గర వేలసార్లు అన్నవే, ఎవరూ నన్నేమీ అనలేరు, పెద్దమనిషి కంగారులో దూకాడండీ, ఆపేలోపే దూకాడండీ, విచారణలో చివరి కుర్చీలో కూర్చుని ఎంతో బాధపడుతూ చెప్తాను. చేసుకున్నవాడికి చేసుకున్నంత. నా అరచెయ్యి తలుపు అంచు మీద ఉంది. ఇనుము చల్లగా ఉంది. చీకట్లోంచి నూనె వాసన పైకి కొడుతోంది, ఏ లిఫ్టు అడుగున చూసినా అదే వాసన, ఆరోజు వాడిని ఎత్తుకుని బయటికి తెచ్చినప్పుడు నా చొక్కా నిండా అదే వాసన. ప్రభువా, నువ్వే ఇచ్చావు కదా వీడిని నా చేతికి, ఇవ్వకపోతే ఈ బోర్డు ఈరోజే, ఇతను ఎక్కినప్పుడే ఎందుకు మాడుతుంది, చెప్పు. ఇచ్చి ఏం చేయమంటున్నావు? ఏ పని చెప్పినా చేస్తానని అన్నావు కదరా అంటున్నావా? అన్నాను. ఎంత చిన్నదైనా అన్నాను, ఎంత పెద్దదైనా అనలేదు. అనలేదు కదా? పైన బూట్లు అంచుకి జరిగాయి, ఒక కాలు గాల్లోకి వచ్చింది, అప్పుడు నా నోటి నుంచి వచ్చింది అలాగే సార్ కాదు. "దూకొద్దు! కాలు వెనక్కి తీయండి, వెనక్కి! చచ్చిపోతారు!" అని అరిచాను, ఎంత గట్టిగా అరిచానంటే కింద అంతస్తులో ఎవరో తలుపు తీసి చూశారు. కాలు వెనక్కి వెళ్లింది. దయ అనుకునేరు, దయ కాదు, నా కడుపు మంట రవ్వంత కూడా తగ్గలేదు. ముప్పై ఏళ్ల పనివాడి నోరు నాకంటే ముందు అరిచింది, లేకపోతే నా నోటితో అరిచింది ఇంకెవరో. తలుపు మూసి గడియ పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాను. 

పైకెళ్లి ఫ్యాను మీట వేశాను. నేను ఫోను మేకుకి తగిలించేసరికి బావమరిది ఇనప మెట్లు దడదడలాడించుకుంటూ వచ్చాడు, చెమటతో, కుడిచేత్తో నీళ్ల సీసా పట్టుకుని. "లోపల ఎవరు బావా?" అన్నాడు. ఒక పెద్దాయన అన్నాను. "పాపం, భయపడి ఉంటాడు" అన్నాడు. వాడికి చెప్పలేదు. ఎందుకు చెప్పలేదంటే రెండు కారణాలు, ఒకటి, బ్రేకు పిడి పట్టుకునే చెయ్యి వణక్కూడదు, బ్రేకు పట్టవలసిన క్షణంలో పట్టకపోతే పెట్టె పరిగెత్తి పైకప్పుకి గుద్దుకుంటుంది. రెండోది చెప్పుకోవడానికి సిగ్గు, చెప్తే వీడు అక్కడికక్కడే ఆయన్ని కూడా క్షమించేస్తాడేమోనని భయం. లోపల మనిషి ఒక్కడే కాబట్టి తాళ్ల రెండో కొసకున్న ఎదురు బరువు ఎక్కువ, బ్రేకు వదిలితే పెట్టె పైకే పోతుంది, కాబట్టి ఐదో అంతస్తుకి ఎత్తాలి. నేను చక్రం పట్టుకున్నాను. వాడు ఎడమ మోచెయ్యి గోడకు ఆనించి కుడిచేత్తో పిడి పట్టుకున్నాడు. "వదులు" అంటే పిడి లాగి బ్రేకు వదిలాడు, "పట్టు" అంటే పిడి వదిలి బ్రేకు పట్టించాడు. వదులు, పట్టు. ఒక్కోసారికి నాలుగు వేళ్లంత. నా శత్రువును నాలుగేసి వేళ్ల చొప్పున, కుదుపు లేకుండా, నా చేతులతో నేనే పైకెత్తాను. భుజాలు పట్టేశాయి, మధ్యలో ఒకసారి ఆగి ఇద్దరం ఒకే సీసాలో నీళ్లు తాగాం. తాడు మీద ఐదో అంతస్తు పసుపు గీత చక్రం అంచుకి సరిగ్గా వచ్చేదాకా తిప్పాను, వెంట్రుకవాసి తేడా ఉన్నా ముసలి మనిషి గడప తన్నుకుని పడతాడు. "నువ్వు ఇక్కడే ఉండి పిడి చూసుకో, నేను వెళ్లి తలుపు తీస్తాను" అన్నాను వాడితో.

తలుపు తెరవగానే ఆయన బయటికి వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. జుట్టు మొత్తం నెరిసిపోయింది, చొక్కా వీపుకి అంటుకుపోయింది, నాకంటే పొడుగు అనుకునేవాణ్ని, కాదు. "దేవుడే పంపాడయ్యా నిన్ను" అన్నాడు. "అవును సార్, ఆయనే పంపాడు. నా ముఖం చూడండి" అన్నాను. చూశాడు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చూశాడు. నా చేతుల మీద ఆయన వేళ్ల పట్టు ఒక్కొక్కటిగా వదులైంది. "నువ్వా" అన్నాడు. "నేనే. ఇందాక పైన ఫోను ఎత్తే ఉంచాను సార్. మీరు ఆయనతో చెప్పుకున్నదంతా విన్నాను." ఆయన గోడను పట్టుకున్నాడు. మందుల సంచితో ఎవరో ఆడమనిషి మమ్మల్ని తప్పుకుని మెట్లు దిగి వెళ్లింది. "ఏం చేస్తావు నన్ను?" అన్నాడు, చాలా నెమ్మదిగా, నేనెప్పుడూ ఆయన నోట వినని నెమ్మది. పదకొండేళ్లుగా కూడబెట్టుకున్న మాటలు ఎన్నో ఉన్నాయి నా దగ్గర, అద్దం ముందు అనుకున్నవి, వ్యాను నడుపుతూ అనుకున్నవి, ఒక్కటీ పైకి రాలేదు. "పైన మా బావమరిది ఉన్నాడు. ఇంతసేపూ మీ బ్రేకు పట్టుకున్నది వాడే, ఉన్న ఒక్క చేత్తో. వాడికి చెప్పండి. నాకు చెప్పక్కర్లేదు, వాడికి చెప్పండి" అన్నాను.

"ఇప్పుడా? నా మోకాళ్లు... ఎన్ని మెట్లు?"

"రెండు అంతస్తులు, ఆపైన ఇనప మెట్లు. లిఫ్టు పనిచేయదు సార్."

ఆయన కిందికి వెళ్లే మెట్ల వైపు చూశాడు. నేను అడ్డం నిలబడలేదు, కావాలనే పక్కకు జరిగాను, వెళ్లిపోతే వెళ్లిపోనివ్వాలనే అనుకున్నాను, వెళ్లిపోతే ఈ జన్మంతా ఆయన్ని హాయిగా అసహ్యించుకోవచ్చు.  తర్వాత ఊడిన బూటు దారాన్ని ముడి వేసుకోబోయాడు, నడుము వంగలేదు. నేను కూర్చుని ముడి వేశాను. పళ్లు కొరుక్కుంటూనే వేశాను, గట్టిగా, మధ్యలో ఊడకుండా. ఆయన ఎడమచేత్తో కమ్మీ పట్టుకుని పైకి వెళ్లే మెట్టు మీద కాలు పెట్టాడు. మోకాలు వణికింది. వెనక్కి పడితే ఏమవుతుందో నాకు తెలుసు, ఇంకా నా మనసు దాన్ని కోరుకుంటూనే ఉంది. ఒక మెట్టు కింద, రెండు చేతులూ చాచి పట్టుకుని, ఆయన ఎక్కిన ప్రతి మెట్టుకీ నేనూ ఒక మెట్టు ఎక్కాను.